ఐఎన్‌ఎస్ సాత్పురా సేవా చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే తూర్పు నౌకాదళంలోని స్టెల్త్ ఫ్రిగేట్లలో ఐఎన్‌ఎస్ సాత్పురా ఒకటి. ఈ నౌక గురించి పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు రెండు మూడు వాక్యాలకు పరిమితమవుతాయి. ఏదో దేశపు రేవుకు చేరిందనీ, ఏవో విన్యాసాల్లో పాల్గొన్నదనీ చెప్పి ఆ వార్త ముగుస్తుంది. ఆ ముక్కలను వరుసలో పెట్టి, వాటి మధ్య సంబంధాన్ని కూడా చెప్పాలన్న ఉద్దేశంతో ఈ ప్రశ్నోత్తరాలను సిద్ధం చేశాం.

ఐఎన్‌ఎస్ సాత్పురా ఏ రకం నౌక?

ప్రాజెక్ట్ 17 కింద ముంబయిలోని మజగావ్ డాక్ నిర్మించిన మూడు శివాలిక్ తరగతి ఫ్రిగేట్లలో ఇది రెండవది. మొదటిది శివాలిక్, మూడవది సహ్యాద్రి. మూడింటికీ పర్వత శ్రేణుల పేర్లు పెట్టారు. పొడవు 142.5 మీటర్లు, వెడల్పు సుమారు 17 మీటర్లు. పూర్తి బరువుతో ఉన్నప్పుడు ఆరు వేల టన్నులకు పైగా నీటిని పక్కకు నెడుతుంది. వేగం 30 నాట్లకు మించుతుంది. అంటే గంటకు 55 కిలోమీటర్ల పైమాట.

ఫ్రిగేట్ అన్నది విమానవాహక నౌకలా ఒకే పెద్ద పనికి కట్టిన ఓడ కాదు. గగనతలం నుంచి వచ్చే క్షిపణిని అడ్డుకోవడం, నీటి అడుగున దాగిన జలాంతర్గామిని వెతకడం, శత్రు నౌకపై క్షిపణి ప్రయోగించడం అనే మూడు పనులనూ ఒక్క నౌకే చేయగలగాలి. అందుకే సాత్పురాలో 76 మిల్లీమీటర్ల ఫిరంగి, ఆకాశ రక్షణకు ష్టిల్, బరాక్ క్షిపణులు, నౌకలను ఛేదించే క్లబ్ క్షిపణులు, జలాంతర్గాములపై ప్రయోగించే రాకెట్ లాంచర్లు, వెనుక భాగంలో రెండు హెలికాప్టర్లకు చోటు కనిపిస్తాయి. పక్కగోడలు నిటారుగా కాక ఏటవాలుగా ఉండటం కూడా అందం కోసం కాదు. తాకిన రాడార్ తరంగాలు వచ్చిన దారినే తిరిగి వెళ్లకుండా ఆ వాలు వాటిని వేరే దిక్కుకు మళ్లిస్తుంది. దాంతో శత్రువు రాడార్ తెర మీద ఇంత పెద్ద నౌక కూడా చిన్నదిగా కనిపిస్తుంది. స్టెల్త్ అంటే అసలు కనిపించకపోవడమని చాలామంది అనుకుంటారు గానీ, ఆలస్యంగా కనిపించడం, తికమకపెట్టేలా కనిపించడం అనడమే సబబు.

జలప్రవేశం 2004లో జరిగితే, నౌకాదళంలో చేరింది 2011లో అంటారు. మధ్యలో ఏడేళ్లు ఏం జరిగింది?

జలప్రవేశం చేసిన రోజున నౌక నిర్మాణం పూర్తయినట్టు కాదు. 2004 జూన్ 4న నీటిలోకి దిగింది సాత్పురా పొట్ట, అంటే ఉక్కు కట్టడం మాత్రమే. యంత్రాల అమరిక, వందల కిలోమీటర్ల కేబుళ్లు, రాడార్లు, నీటి అడుగున ధ్వనితో వెతికే సోనార్, ఆయుధాలు అన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటిగా లోపలికి చేరతాయి. వాటిని మొదట రేవులోనూ, తర్వాత సముద్రంలోనూ పరీక్షిస్తారు. ఒక్కో పరీక్షలో దొరికిన లోపాన్ని సరిదిద్ది మళ్లీ పరీక్షిస్తారు. పైగా ఇది మన దేశంలో తయారైన మొదటి స్టెల్త్ ఫ్రిగేట్ల తరగతి. రష్యన్, ఇజ్రాయెలీ, ఐరోపా, భారతీయ పరికరాలు ఒకే నౌకలో కలిసి మాట్లాడుకోవాలి. నిర్మాణంలో ఎక్కువ కాలం పట్టేది ఉక్కు కొయ్యడానికి కాదు, ఈ పొందికకే. 2011 ఆగస్టు 20న సాత్పురా లాంఛనంగా నౌకాదళంలో చేరింది. సేవా చరిత్రను ఆ రోజు నుంచే లెక్కిస్తారు.

ముంబయిలో కట్టిన నౌకకు విశాఖ సొంత రేవు ఎలా అయింది?

యుద్ధనౌక ఎక్కడ పుట్టిందన్న దానితో దాని సొంత రేవుకు సంబంధం ఉండదు. ఏ ఫ్లీట్‌కు, అంటే నౌకల దళానికి, కేటాయిస్తే ఆ ఫ్లీట్ కేంద్రమే దాని ఇల్లు. తూర్పు నౌకాదళ కమాండ్ 1968లో విశాఖలో ఏర్పడింది, ఈస్టర్న్ ఫ్లీట్ 1971 నవంబరులో ఏర్పడింది. శివాలిక్ తరగతి మూడు నౌకలూ ఈ ఫ్లీట్‌లో పనిచేసినవే. మలక్కా జలసంధి వైపు, పసిఫిక్ వైపు మన నౌకాదళం వేసే అడుగులు ఎక్కువగా ఈ రేవు నుంచే మొదలవుతాయి కనుక, దూర ప్రయాణాలకు తగిన ఇలాంటి నౌకలు ఇక్కడ ఉండటం సహజం.

సాత్పురా ఎప్పుడైనా యుద్ధంలో పాల్గొన్నదా?

బహిరంగంగా ప్రకటించిన దాని సేవా చరిత్రలో యుద్ధం లేదు. ఈ సమాధానం విని కొందరు నిరాశపడతారు. విశాఖవాసులకు నౌకాదళ చరిత్ర అంటే 1971 డిసెంబరు మొదటి వారంలో ఈ తీరానికి దగ్గరలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, బీచ్ రోడ్డులోని విజయ స్మారకం గుర్తుకు వస్తాయి. అదే నెల 9న అరేబియా సముద్రంలో మన ఫ్రిగేట్ ఖుక్రీ మునిగిపోవడం కూడా ఆ చరిత్రలోనిదే. ఆ కొలతతో చూస్తే సాత్పురా ఖాతా ఖాళీగా కనిపించవచ్చు.

కానీ ఆ కొలతే ఇక్కడ సరిపోదు. శాంతికాలంలో ఫ్రిగేట్ సేవా చరిత్రను ఎంత దూరం వెళ్లింది, ఎవరి నౌకలతో కలిసి పనిచేసింది, మరమ్మతుల తర్వాత ఎంత త్వరగా మళ్లీ సముద్రానికి సిద్ధమైంది అన్న మూడు వరుసల్లో చదవాలి. ఒక్క గుండు పేల్చకుండా పదేళ్లు గడిపిన నౌక, ఆ పదేళ్లలో ఏ రోజు పిలిచినా బయలుదేరే స్థితిలో ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఈ పేజీలోని మిగతా సమాధానాలను ఆ దృష్టితో చదవమని మనవి.

తొలి సంవత్సరాల్లో ఏం చేసింది?

నౌకాదళంలో చేరిన ఏడాది లోపే, 2012 ఏప్రిల్‌లో, బంగాళాఖాతంలో అమెరికాతో జరిగిన మలబార్ విన్యాసాల్లో సాత్పురా పాల్గొంది. కొత్త నౌకకు అది మంచి పరీక్ష. సిబ్బందికి యంత్రాలు అలవాటవుతుండగానే, వేరే దేశపు నౌకల సంకేతాలకు, పద్ధతులకు అనుగుణంగా కదలవలసి వచ్చింది.

అసలైన దూర ప్రయాణం 2016లో వచ్చింది. ఆ ఏడాది మే నెలలో సాత్పురా, సహ్యాద్రి, ఇంధన నౌక శక్తి, కార్వెట్ (ఫ్రిగేట్ కన్నా చిన్న యుద్ధనౌక) కిర్చ్ కలిసి దక్షిణ చైనా సముద్రం, వాయవ్య పసిఫిక్ వైపు సాగాయి. సాత్పురా, కిర్చ్ వియత్నాంలోని కామ్ రాన్ రేవుకు వెళ్లగా, మిగిలిన రెండు ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బేకు వెళ్లాయి. జూన్‌లో జపాన్ తీరంలో నాలుగూ కలిసి మలబార్ విన్యాసాల్లో పాల్గొన్నాయి. జపాన్ శాశ్వత భాగస్వామి అయ్యాక జరిగిన మొదటి మలబార్ అదే. అక్కడి నుంచి సహ్యాద్రి బృందం దక్షిణ కొరియా, రష్యా రేవుల వైపు తిరగ్గా, సాత్పురా ఒంటరిగా పసిఫిక్ మీదుగా హవాయికి బయలుదేరింది. జూన్ 30 నుంచి ఆగస్టు 4 వరకు పెర్ల్ హార్బర్ కేంద్రంగా 26 దేశాలతో జరిగిన రిమ్‌ప్యాక్ విన్యాసాల్లో భారతదేశం తరఫున సాగిన యుద్ధనౌక ఇదే. రెండేళ్ల ముందు ఆ గౌరవం సహ్యాద్రికి దక్కింది.

సాత్పురా ప్రయాణాల్లో అన్నిటికన్నా చెప్పుకోదగ్గది ఏది?

2022 నాటి ప్రయాణమని నిస్సందేహంగా చెప్పవచ్చు. ఆ ఏడాది జూన్ చివరలో సాత్పురా మళ్లీ పెర్ల్ హార్బర్ చేరింది. ఈసారి రిమ్‌ప్యాక్‌లో 26 దేశాలు, 38 ఉపరితల నౌకలు, 4 జలాంతర్గాములు, సుమారు 25 వేల మంది పాల్గొన్నారు. మన పి-8ఐ నిఘా విమానం కూడా హవాయికి వచ్చి చేరింది. ఆగస్టు 4న విన్యాసాలు ముగిశాక నౌక ఇంటి ముఖం పట్టలేదు. మరో రెండు వేల నాటికల్ మైళ్లకు పైగా తూర్పుకే సాగి, ఆగస్టు 13న అమెరికా పశ్చిమ తీరంలోని శాన్ డియాగో చేరింది. ఉత్తర అమెరికా పశ్చిమ తీరాన్ని తాకిన మొదటి భారత యుద్ధనౌక ఇదేనని నౌకాదళం ప్రకటించింది. సొంత రేవు విశాఖ నుంచి అప్పటికి అది ప్రయాణించిన దూరం 10 వేల నాటికల్ మైళ్లకు పైగా, అంటే 18,500 కిలోమీటర్ల పైచిలుకు.

అది స్వాతంత్ర్య అమృతోత్సవాల సంవత్సరం. ఆగస్టు 15న అంటార్కిటికా తప్ప మిగిలిన ఆరు ఖండాల్లోనూ మన నౌకల మీద త్రివర్ణ పతాకం ఎగరాలన్నది నౌకాదళ సంకల్పం. ఆసియా బయట లండన్‌లో తరంగిణి, రియో డి జనీరోలో తర్కష్, మొంబాసాలో త్రికండ్, పెర్త్‌లో సుమేధ, శాన్ డియాగోలో సాత్పురా ఆ పని నిర్వర్తించాయి. శాన్ డియాగోలో తెల్లవారేసరికి విశాఖలో సాయంత్రం దాటిపోయి ఉంటుంది కనుక, ఆ రోజు ఎగిరిన జెండాలలో చివరి వరుసలోది మన ఊరి నౌకదే అనుకోవచ్చు.

తిరుగు ప్రయాణం కూడా నేరుగా సాగలేదు. ఫిజీ రాజధాని సువా మీదుగా ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరి, సెప్టెంబరు 12 నుంచి రెండు వారాల పాటు కకడు విన్యాసాల్లో పాల్గొన్నాకే నౌక స్వదేశం వైపు మళ్లింది. ఈ ప్రయాణంలో అంతర్జాతీయ దినరేఖను రెండుసార్లు దాటవలసి వచ్చింది. తూర్పుకు వెళ్లేటప్పుడు ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది, పడమరకు వచ్చేటప్పుడు ఒక తేదీ మాయమవుతుంది. లాగ్‌బుక్కు రాసేవారికి తప్ప ఇది ఎవరికీ పెద్ద సమస్య కాదు గానీ, మాయమైన రోజు ఎవరి పుట్టినరోజైనా అయితే ఏం చేస్తారన్న ప్రశ్న మాత్రం ప్రతి ఓడలోనూ వస్తుందట.

ఇంత దూరం వెళ్లడానికి ఇంధనం ఎలా సరిపోతుంది?

రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది ఇంజన్ల అమరిక. సాత్పురాలో రెండు డీజిల్ ఇంజన్లు, రెండు గ్యాస్ టర్బైన్లు ఉన్నాయి. ఇవి ఒకేసారి కలిసి పనిచేయవు. మామూలు వేగంతో సాగేటప్పుడు పొదుపైన డీజిల్ ఇంజన్లు నడుస్తాయి. అత్యధిక వేగం అవసరమైనప్పుడు వాటిని తప్పించి టర్బైన్లకు మారతారు. టర్బైన్ కొద్ది నిమిషాల్లోనే పూర్తి శక్తినిస్తుంది గానీ ఇంధనాన్ని విపరీతంగా తాగుతుంది. కనుక పసిఫిక్ వంటి మహాసముద్రాన్ని డీజిల్ మీదనే దాటుతారు.

రెండవది, నడిసముద్రంలోనే ఇంధనం నింపుకోవడం. ఇటలీలో నిర్మించగా 2011లో మన నౌకాదళంలో చేరిన శక్తి ఇందుకోసమే ఉంది. ఇంధన నౌక, యుద్ధనౌక పక్కపక్కనే కొద్ది పదుల మీటర్ల దూరంలో ఒకే వేగంతో సాగుతుండగా, మధ్య వేసిన ఉక్కు తాడు మీదుగా గొట్టాన్ని దాటించి చమురు పంపుతారు. రెండు నౌకల మధ్య నీరు ఇరుకు దారిలో వేగం పుంజుకుని, ఒకదానినొకటి దగ్గరకు లాక్కునేలా చేస్తుంది. చుక్కాని పట్టినవాడు గంటల తరబడి ఒక్క డిగ్రీ తేడా కూడా రానివ్వకూడదు. చూసేవారికి క్షిపణి ప్రయోగంలో ఉన్నంత ఆకర్షణ ఇందులో ఉండదు. అయినా నావికుల నైపుణ్యాన్ని అంచనా వేయాలంటే దీనినే చూడాలని మా అభిప్రాయం. శక్తి వెంట లేని చోట మిత్రదేశాల ఇంధన నౌకల నుంచి నింపుకునే ఒప్పందాలు ఉపయోగపడతాయి. ఆ పద్ధతి ముందే అలవాటై ఉండాలంటే కలిసి విన్యాసాలు చేయక తప్పదు.

విన్యాసాలంటే ఫొటోల కోసం వరుసలో సాగడమేనా?

పత్రికల్లో వచ్చేది ఆ ఫొటోయే కాబట్టి అలా అనిపిస్తుంది. వరుసలో సాగే ఆ దృశ్యం సాధారణంగా ఒక పూట పని. మిగిలిన రోజుల్లో ఒక దేశపు జలాంతర్గామి దాక్కుంటే మిగతావారు వెతకడం, ఒకరి హెలికాప్టర్ మరొకరి డెక్ మీద దిగడం, గాలిలో లాగుతున్న లక్ష్యంపై కాల్పులు, అనుమానాస్పద నౌకను ఆపి తనిఖీ చేయడం వంటివి సాగుతాయి. 2021 ఏప్రిల్‌లో తూర్పు హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ నాయకత్వాన జరిగిన లా పెరూజ్ విన్యాసాల్లో భారతదేశం మొదటిసారి పాల్గొన్నప్పుడు, ఆ అవకాశం సాత్పురాకు, కార్వెట్ కిల్తాన్‌కు వచ్చింది. ఫ్రాన్స్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకలతో మూడు రోజులు గడిచాయి. 2023 మేలో ఆసియాన్ దేశాలతో తొలి ఉమ్మడి నౌకా విన్యాసాలు జరిగినప్పుడు డెస్ట్రాయర్ (ఫ్రిగేట్ కన్నా పెద్ద యుద్ధనౌక) ఢిల్లీతో కలిసి సాత్పురా సింగపూర్ వెళ్లింది. అదే నెలలో ఈ రెండు నౌకలూ కంబోడియాలోని సిహానూక్‌విల్‌ను, వియత్నాంలోని డా నాంగ్‌ను కూడా సందర్శించాయి.

కొన్ని నెలల పాటు నౌక గురించి ఏ వార్తా ఉండదు. అప్పుడు ఖాళీగా ఉంటుందా?

ఖాళీగా ఉండదు. వార్తలు లేని కాలంలో కొంత రీఫిట్‌ది, అంటే నౌకను విప్పి చేసే పెద్ద మరమ్మతులది. బంగాళాఖాతపు వెచ్చని ఉప్పునీరు ఉక్కుకు ఏమాత్రం మంచిది కాదు. నీటి అడుగు భాగానికి గుల్లలు, నాచు పట్టుకుంటే నౌక వేగం తగ్గుతుంది, ఇంధన ఖర్చు పెరుగుతుంది, ప్రొపెల్లర్ శబ్దం మారుతుంది. జలాంతర్గామి నుంచి దాగవలసిన నౌకకు ఈ చివరిది మరీ ప్రమాదం. కాబట్టి కాలపరిమితి ప్రకారం నౌకను డ్రై డాక్‌లోకి చేర్చి, నీరంతా తోడేసి, అడుగు గీకి రంగులు వేస్తారు. కవాటాలు, పైపులు, షాఫ్టులు విప్పి చూస్తారు. తుప్పు పట్టిన పలకలను కోసి కొత్తవి అతుకుతారు. విశాఖ నేవల్ డాక్‌యార్డులో ఈ పనులు ఏడాది పొడవునా ఏదో ఒక నౌక మీద సాగుతూనే ఉంటాయి. నౌకాదళ గ్యాస్ టర్బైన్ల ఓవర్‌హాలింగ్ కేంద్రమైన ఐఎన్‌ఎస్ ఏకశిలా కూడా ఈ నగరంలోనే ఉంది. గాజువాక, మల్కాపురం, సింధియా ప్రాంతాల్లో తరతరాలుగా డాక్‌యార్డు ఉద్యోగం మీద నిలబడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నౌక సేవా చరిత్రలో వారి వాటా ఏ ప్రకటనలోనూ రాదు. వెల్డింగ్ చేసిన చేతులు లేనిదే శాన్ డియాగో ప్రయాణం లేదని మాత్రం మరచిపోరాదు.

రీఫిట్ ముగిసిన నౌక నేరుగా ఫ్లీట్‌లో కలవదు. సగం మంది సిబ్బంది అప్పటికి మారిపోయి ఉంటారు. మంటలు ఆర్పడం, నీరు చొరబడితే అడ్డుకట్ట వేయడం దగ్గర నుంచి ఆయుధాల ప్రయోగం దాకా అన్నీ మళ్లీ సాధన చేసి, పరీక్షకులను మెప్పించాలి.

తుపాను వస్తే యుద్ధనౌకలు రేవు వదిలి సముద్రంలోకి పోతాయంటారు. నిజమేనా?

నిజమే. వినడానికి వింతగా ఉన్నా కారణం సులువైనదే. రేవులో కట్టి ఉన్న నౌక పెనుగాలికి గోడకు పదే పదే కొట్టుకుంటుంది, తాళ్లు తెగితే పక్క నౌకను ఢీకొంటుంది. బయట సముద్రంలో ఉన్న నౌకకు ఇంజన్ ఉంది, కదలడానికి చోటుంది, తుపాను దారిని తప్పించుకుని ముందుకు సాగవచ్చు. విశాఖ లోపలి రేవుకు ఉన్నది డాల్ఫిన్ నోస్ పక్కనున్న ఒక్క ఇరుకు దారి. కాబట్టి బయలుదేరాలన్న నిర్ణయం గాలి ముదరక ముందే జరగాలి. తుపాను దాటాక అవే నౌకలు సహాయ సామగ్రితో సిద్ధంగా ఉండాలన్నది రెండవ కారణం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన నగరవాసులకు ఈ ముందుజాగ్రత్త విలువ వేరే చెప్పనక్కరలేదు.

సాత్పురాను శివాలిక్, సహ్యాద్రిల నుంచి ఎలా గుర్తుపట్టాలి?

నౌక ముందు భాగపు పక్కగోడ మీద రాసిన అంకె చూడాలి. శివాలిక్ 47, సాత్పురా 48, సహ్యాద్రి 49. మిగిలిన ఆకారమంతా ఒకటే. పేర్లు మూడూ ఒకే అక్షరపు గుణింతంతో మొదలైనట్టు వినిపించడం వల్ల పత్రికల్లోనూ తారుమారు అవుతుంటాయి. ముఖ్యంగా రిమ్‌ప్యాక్ విషయంలో ఈ పొరపాటు ఎక్కువ. 2014, 2018లలో వెళ్లింది సహ్యాద్రి, 2016, 2022లలో వెళ్లింది సాత్పురా, 2024లో వెళ్లింది శివాలిక్.

కొత్త ఫ్రిగేట్లు వచ్చాయి కదా, సాత్పురా ఇంకెంత కాలం ఉంటుంది?

2025 ఆగస్టు 26న ప్రాజెక్ట్ 17ఏ నౌకలైన ఉదయగిరి, హిమగిరి విశాఖలోనే ఒకే రోజున నౌకాదళంలో చేరాయి. మొదటిది మజగావ్ డాక్‌లో, రెండవది కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌లో తయారయ్యాయి. ఇవి శివాలిక్ తరగతి మీద వచ్చిన అనుభవంతో రూపొందినవే. పరిమాణంలో కొంచెం పెద్దవి, రాడార్‌కు మరింత తక్కువగా దొరికేవి. అంతమాత్రాన పాతవి పక్కకు తప్పుకోవు. ఈ పేర్లతోనే ఉన్న పూర్వపు ఫ్రిగేట్లను చూస్తే అంచనా దొరుకుతుంది. నాటి హిమగిరి 1974 నుంచి 2005 వరకు, నాటి ఉదయగిరి 1976 నుంచి 2007 వరకు పనిచేశాయి. అవి మూడు వేల టన్నుల లోపు నౌకలు. మూడు దశాబ్దాల సేవ మన నౌకాదళంలో అసాధారణం కాదు. ఆ లెక్కన సాత్పురా ఇప్పుడు సగం వయసులో ఉంది. ఈ వయసులో నౌక ఉక్కు కన్నా ముందు పాతబడేవి రాడార్లు, కంప్యూటర్లు, క్షిపణులు. మధ్యలో వాటిని మార్చుకుంటే ఆయుష్షు సార్థకమవుతుంది.

సామాన్య ప్రజలు నౌకను చూడవచ్చా?

డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవ విన్యాసాలు విశాఖలో జరిగిన సంవత్సరాల్లో ఆర్కే బీచ్ నుంచి తూర్పు నౌకాదళ నౌకలను దగ్గరగా చూడవచ్చు. ప్రధాన ప్రదర్శన ఏటా ఇక్కడే జరగదు. 2023లో సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో జరిగింది. అందువల్ల ఊరి నుంచి బంధువులను పిలిపించే ముందు ఆ ఏటి ప్రకటన చూసుకోవడం మంచిది. నౌకలోకి ప్రవేశం నౌకాదళం ప్రత్యేకంగా అనుమతించిన రోజుల్లోనే ఉంటుంది. అప్పుడు కూడా గుర్తింపు కార్డు వెంట ఉండాలి, ఫోన్లు బయట పెట్టమంటే పెట్టాలి.

డాక్‌యార్డు, నౌకాదళ స్థావరాల పరిసరాల్లో ఫొటోలు తీయడం నిషిద్ధం. బీచ్‌లో తీసిన ఫొటో అయినా, నౌక బయలుదేరిన సమయంతో సహా సామాజిక మాధ్యమాల్లో పెట్టడం తగదు. వాణిజ్య నౌకల్లా తాము ఎక్కడున్నామో అందరికీ తెలిసేలా నిరంతరం ప్రసారం చేయవలసిన నిబంధన యుద్ధనౌకలకు లేదు. ఫోన్లలోని నౌకల యాప్‌లో సాత్పురా కనిపించకపోవడానికి కారణం అదే. నౌక పొట్ట లోపల ఎలా ఉంటుందో చూడాలన్న ఆసక్తి ఉన్న పిల్లలకు ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం అందుబాటులో ఉంది. టిక్కెట్టు కొని వెళ్లవచ్చు. లోపలి దారులు ఇరుకు కాబట్టి, సెలవు రోజుల రద్దీ తప్పించుకుంటే అన్నీ నిదానంగా చూసే వీలుంటుంది.